ఫీజు కట్టారు, రశీదు రాలేదు: మారతహళ్లి ఇన్‌స్టిట్యూట్ మెయిల్ కేసు

మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు తమ వెబ్‌సైట్ ఒకసారి చూడమని నన్ను పిలిచారు. బెంగళూరులో ఆ చుట్టుపక్కల తిరిగినవాళ్లకు అక్కడి సంగతి చెప్పక్కర్లేదు. బీటెక్ అయిపోయి కర్నూలు నుంచి, అనంతపురం నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు పీజీ హాస్టళ్లలో ఉంటూ ఏదో ఒక కోర్సులో చేరతారు. ఆ ఫీజు చాలామందికి ఇంట్లోవాళ్లు ఎక్కడెక్కడో సర్ది పంపిన డబ్బు.

కొత్త బ్యాచ్ అడ్మిషన్లు తెరిచిన రోజు చాలామంది ఆన్‌లైన్‌లో ఫీజు కట్టారు. బ్యాంకులో డబ్బు కట్ అయింది, సైట్ మాత్రం ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’ అని చూపించింది. కొందరు ఆ మాట నమ్మి మళ్లీ కట్టారు. సాయంత్రానికి ఫ్రంట్ ఆఫీసు ముందు గుంపు.

“మేడమ్, డబ్బులు కట్ అయ్యాయి, మెసేజ్ చూడండి.”

“చూశాను బాబూ, అయ్యాయి. కానీ నా సిస్టమ్‌లో నీ పేరే రావట్లేదు.”

అందరి అనుమానం పేమెంట్ గేట్‌వే మీదే. గేట్‌వే తన పని సరిగ్గానే చేసింది. రికార్డులను మాయం చేసింది రశీదు మెయిల్.

మెయిల్ ఆగితే రికార్డు ఎందుకు పోయింది

సైట్ జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసింది, రికార్డులు ఉండే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ‘చెల్లింపు అయింది’ అని గేట్‌వే నుంచి కబురు రాగానే ఒకే ఫంక్షన్ వరుసగా మూడు పనులు చేసేది: ఫీజు రికార్డు రాయడం, రశీదు పీడీఎఫ్ తయారుచేసి మెయిల్ చేయడం, బ్యాచ్‌లో మిగిలిన సీట్ల లెక్క తగ్గించడం. సెట్టింగ్స్‌లో అటామిక్ రిక్వెస్ట్స్ ఆన్‌లో ఉంది. అంటే ఒక రిక్వెస్టులో జరిగే డేటాబేస్ పనంతా ఒకే ట్రాన్సాక్షన్, మధ్యలో ఎక్కడ ఎర్రర్ లేచినా మొత్తం వెనక్కి పోతుంది. మామూలుగా ఇది మంచి సెట్టింగే. మెయిల్ పంపే లైన్ కూడా దాని లోపలే ఉండటంతో చిక్కొచ్చింది. మెయిల్ సర్వర్ ‘తీసుకోను’ అనగానే ఎర్రర్ లేచింది, జాంగో ట్రాన్సాక్షన్‌ను రద్దు చేసింది, అంతకు క్షణం ముందు రాసిన ఫీజు రికార్డు దాంతోపాటే చెరిగిపోయింది. డబ్బు గేట్‌వే దగ్గర ఉంది, మన డేటాబేస్‌లో దాని ఆనవాలే లేదు.

ఆ రోజు సర్వర్ లాగ్ నిండా ఒకే జవాబు: 550 5.4.5, రోజువారీ పరిమితి దాటింది. రశీదులు వెళ్లేది ఆఫీసువాళ్లు ఉత్తరాలు రాసుకునే మామూలు మెయిల్ అకౌంటు నుంచే. ఇలాంటి అకౌంట్లకు రోజుకు ఇన్ని మెయిళ్లే అని హద్దు ఉంటుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌నే తీసుకుంటే మామూలుగా ఒక యూజర్‌కు రోజుకు 2,000, ఉచిత జీమెయిల్‌కు 500. అడ్మిషన్లు తెరిచిన ఉదయమే మార్కెటింగ్ చూసే అబ్బాయి పాత ఎంక్వైరీల ఎక్సెల్ షీట్ తీసి, ‘కొత్త బ్యాచ్ మొదలవుతోంది’ అని అందరికీ అదే అకౌంటు నుంచి మెయిల్ కొట్టాడు. ప్రకటన మెయిళ్లకే ఆ రోజు కోటా అయిపోయింది. ప్రకటన చూసి వచ్చి ఫీజు కట్టినవాళ్ల రశీదులకు చోటు మిగల్లేదు.

పాత లాగ్‌లు తిరగేస్తే ఇంకో రెండు రకాల దెబ్బలు కనిపించాయి. ఒకటి, మెయిల్ సర్వర్ జవాబే ఇవ్వని సందర్భం. జాంగోలో ఈమెయిల్ టైమౌట్ మనం పెట్టకపోతే ఉండదు, కనెక్షన్ అలాగే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. సైట్‌ను నడిపే సర్వర్ ప్రోగ్రామ్ గూనికార్న్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు చూసి ఆ వర్కర్‌ను, అంటే ఆ రిక్వెస్టు చూస్తున్న ప్రాసెస్‌ను, చంపేస్తుంది, యూజర్‌కు 502 ఎర్రర్ కనిపిస్తుంది. మెయిల్ సర్వర్ నిదానించిన రోజు నాలుగైదు వర్కర్లూ ఇలా ఇరుక్కుంటే మెయిల్‌తో ఏ సంబంధమూ లేని పేజీలు కూడా తెరుచుకోవు. రెండోది దీనికి తిరగబడ్డ కేసు: మెయిల్ వెళ్లిపోయింది, ఆ తర్వాత సీట్ల లెక్క దగ్గర ఎర్రర్ వచ్చింది, ట్రాన్సాక్షన్ రద్దయింది. విద్యార్థి చేతిలో రశీదు ఉంది, పుస్తకంలో చెల్లింపు లేదు. నన్నడిగితే ఇది మొదటిదానికన్నా ప్రమాదం. డేటాబేస్ తన పనిని వెనక్కి తీసుకోగలదు, వెళ్లిన మెయిల్‌ను ఎవరూ వెనక్కి తీసుకురాలేరు.

ఆ గుంపు చూసిన రాత్రే అప్పటి డెవలపర్ ఒక సవరణ చేశాడు. మెయిల్ పంపే ఫంక్షన్‌కు ఫెయిల్ సైలెంట్లీ అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేశాడు. మంట ఆరింది, ఫీజు రికార్డులు నిలిచాయి. కానీ ఆ రోజు నుంచి పంపలేకపోయిన మెయిల్ ఎక్కడా నమోదు కాలేదు. లాగ్‌లో ఒక్క లైను కూడా లేదు. రశీదు రాలేదని ఎవరైనా ఫోన్ చేస్తేనే ఆఫీసుకు తెలిసేది, చేయనివాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. ఈ ఆప్షన్‌ను నేను చాలా ప్రాజెక్టుల్లో చూశాను. డబ్బుతో ముడిపడ్డ మెయిల్ దగ్గర దీన్ని వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు డబ్బు లెక్క

కోడ్ ముట్టుకునే ముందు గేట్‌వే డ్యాష్‌బోర్డు నుంచి చెల్లింపుల ఫైల్ దించి, అకౌంటెంట్‌తో కూర్చుని మన టేబుల్‌తో పోల్చాం. అక్కడ ఉండి ఇక్కడ లేనివి, ఒకే ఫోన్ నంబరుతో రెండుసార్లు పడినవి విడదీశాం. రెండుసార్లు కట్టినవాళ్లకు ఫోన్ చేసి రీఫండ్ పెట్టారు. ఈ పోలిక ఇప్పుడు రోజూ రాత్రి దానంతటదే జరుగుతుంది. మెయిల్ సమస్య అని పిలిచినా సరే, మొదట తేల్చాల్సింది ఎవరి డబ్బు ఎక్కడుందన్నదే.

పంపాల్సినదాన్ని పద్దు రాసుకోవడం

కొత్త పద్ధతికి ఆధారం ఒకే ఆలోచన. రశీదు మెయిల్ అంటే మనం విద్యార్థికి బాకీ. కిరాణా కొట్టులో బాకీని ఖాతా పుస్తకంలో రాసుకున్నట్టు దీన్నీ రాసుకోవాలి, తీరేదాకా ఆ లైన్ కొట్టేయకూడదు.

అందుకని మెయిల్ పంపే లైన్ తీసేసి, దాని స్థానంలో ‘పంపాల్సిన మెయిళ్లు’ అనే టేబుల్‌లో ఒక వరుస రాసే లైన్ పెట్టాం. ఫీజు రికార్డు, ఈ వరుస ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి. పడితే రెండూ పడతాయి, లేకపోతే రెండూ ఉండవు. మెయిల్ సర్వర్ బతికున్నా పడిపోయినా ఫీజు పేజీకి సంబంధం లేదు. ఈ తీరును అవుట్‌బాక్స్ ప్యాటర్న్ అంటారు.

ట్రాన్సాక్షన్ ఖరారయ్యాక (కమిట్) ఒక పని చేయించే ఆన్ కమిట్ జాంగోలో ఉంది కదా, దాంతో వెనకాల పనులు చేసిపెట్టే సెలరీకి మెయిల్ అప్పగిస్తే చాలదా అని టీమ్‌లో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. దాంతో రద్దయిన చెల్లింపుకు రశీదు వెళ్లే ప్రమాదం తప్పుతుంది. కానీ కమిట్ అయిన క్షణంలో, సెలరీ పనుల వరుస ఉండే రెడిస్ అందుబాటులో లేకపోతే ఆ పని గాలిలో కలిసిపోతుంది, పద్దు ఎక్కడా మిగలదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రెడిస్‌తో సెలరీ వాడేటప్పుడు విజిబిలిటీ టైమౌట్, అంటే ఇచ్చిన పని అందిందన్న కబురు కోసం ఆగే సమయం, డిఫాల్ట్‌గా ఒక గంట. ‘రెండు గంటల తర్వాత మళ్లీ ప్రయత్నించు’ అని పెడితే, గంట దాటగానే ఎవరూ పని అందుకోలేదనుకుని దాన్ని ఇంకో వర్కర్‌కు ఇస్తుంది. ఒకే రశీదు రెండు మూడుసార్లు వెళ్లడానికి ఇది చాలాచోట్ల కారణం. అందుకే మళ్లీ ఎప్పుడు పంపాలన్న సమయాన్ని డేటాబేస్‌లోనే ఉంచాం. ఒక చిన్న ప్రోగ్రామ్ కొద్ది సెకన్లకోసారి టేబుల్ చూసి, వేళైన వరుసలు తీసుకుంటుంది. రెండు ప్రోగ్రామ్‌లు ఒకే వరుస మీద పడకుండా పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న, ఇంకొకరు పట్టుకున్న వరుసను దాటేసే స్కిప్ లాక్డ్ సరిపోయింది.

ఒక్కో వరుసలో ఎవరికి, ఏ రకం మెయిల్, ఏ చెల్లింపుకు, ఎన్నిసార్లు ప్రయత్నించాం, మళ్లీ ఎప్పుడు, సర్వర్ చివరిగా ఏమంది, ఎప్పటిదాకా పనికొస్తుంది అన్నవి ఉంటాయి. చివరిది చాలామంది వదిలేస్తారు. లాగిన్ ఓటీపీ పది నిమిషాల తర్వాత చేరితే విద్యార్థికి గందరగోళమే, అందుకని గడువు దాటిన ఓటీపీని పంపకుండా ఆపేస్తాం. రశీదును మూడు రోజులదాకా ప్రయత్నిస్తాం, అప్పటికీ కాకపోతే మనిషి చేతికి వస్తుంది. చెల్లింపు నంబరు, మెయిల్ రకం కలిపి యూనిక్ పెట్టాం. గేట్‌వే ఒకే కబురు రెండుసార్లు పంపినా రశీదు వరుస రెండోసారి పడదు.

అయినా రెండుసార్లు వెళ్లే అవకాశం పూర్తిగా పోదు. అవతలి సర్వర్ మెయిల్ తీసుకుని 250, అంటే ‘సరే’, అంది, ఆ జవాబు మనం రాసుకునేలోపే మన ప్రోగ్రామ్ పడిపోయింది. లేచాక అది మళ్లీ పంపుతుంది. ఈ చిక్కు గురించి క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 1988లోనే ఆర్ఎఫ్‌సీ 1047 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో రాశారు. సర్వర్లు మెయిల్ పంపుకునే ఎస్ఎమ్‌టీపీ పద్ధతి ఉన్నంతకాలం ఇది ఉంటుంది. ఎంచుకోవాల్సింది ఒక్కటే: రెండుసార్లు చేరడమా, అసలు చేరకపోవడమా? రశీదు విషయంలో రెండుసార్లు చేరినా నష్టం లేదు. మళ్లీ పంపేటప్పుడు పాత మెసేజ్ ఐడీనే వాడతాం కాబట్టి లాగ్‌లో రెండూ ఒకటేనని తెలుస్తుంది.

తప్పు ఈ మెయిల్‌దా, మన అకౌంటుదా

1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821 కాలం నుంచీ మెయిల్ సర్వర్ జవాబుల్లో మొదటి అంకె అర్థం మారలేదు. 2తో మొదలైతే సరే, 4 అయితే కాసేపాగి రా, 5 అయితే ఇక రాకు. పుస్తకం ప్రకారం 4 వస్తే మళ్లీ ప్రయత్నించాలి, 5 వస్తే వదిలేయాలి. ఈ కేసులో అలా చేస్తే నిలువునా మునిగేవాళ్లం. ఆ రోజు వచ్చింది 550, అంటే ‘ఇక రాకు’. కానీ పరిమితి మర్నాటికి తీరిపోయేదే. ఆ ఒక్క అంకె నమ్మి వదిలేస్తే ఆ రోజు రశీదులన్నీ చనిపోయినట్టే లెక్క.

అందుకే మొదటి అంకెకన్నా ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలని తేల్చాం: తప్పు ఈ ఒక్క మెయిల్‌దా, మన అకౌంటుదా? పరిమితి దాటింది, పాస్‌వర్డ్ చెల్లదు (535), ఇంత వేగంగా పంపొద్దు అన్నవి మన అకౌంటు తప్పులు. ఇలాంటిది వస్తే ఏ మెయిల్‌నూ ఫెయిల్ అని గుర్తు పెట్టం. మొత్తం వరుసనే ఆపి, డెవలపర్ ఫోన్‌కు అలర్ట్ పంపి, కొంతసేపటికి ఒక్క మెయిల్‌తో తలుపు తట్టి చూస్తాం. తెరుచుకుంటే మిగతావి వదులుతాం. అలర్ట్ మెయిల్‌లో రాకూడదని వేరే చెప్పాలా, అది కూడా అదే తలుపు దగ్గర ఆగుతుంది. నెట్‌వర్క్ తెగినా, టైమౌట్ అయినా ఆ ఒక్క మెయిల్‌ను నిమిషానికి, ఐదు నిమిషాలకు, పావుగంటకు, గంటకు అలా దూరం పెంచుకుంటూ ప్రయత్నిస్తాం. అన్నీ ఒకే క్షణంలో మీద పడకుండా కొంచెం అటూఇటూ చేస్తాం.

మెయిల్ సర్వీసు కూడా మార్చాం. అప్లికేషన్ల కోసమే ఉండే సర్వీసు తీసుకుని, రశీదులు, ఓటీపీలు ఒక సబ్‌డొమైన్ నుంచి, ప్రకటనలు ఇంకో సబ్‌డొమైన్ నుంచి వెళ్లేలా పెట్టాం. దీంతో ప్రయాణం రెండు అంచెలైంది: మన సైట్ నుంచి సర్వీసుకు, సర్వీసు నుంచి విద్యార్థి మెయిల్‌బాక్సుకు. మొదటి అంచెలో 250 వస్తే మెయిల్ చేరినట్టు కాదు, సర్వీసు పుచ్చుకున్నట్టు అంతే. పాత సాఫ్ట్‌వేర్‌లో ఈ దశలోనే ‘పంపబడింది’ అని పచ్చ టిక్ పడేది. ఇప్పుడు ఆ దశకు ‘సర్వీసుకు అప్పగించాం’ అని పేరు పెట్టాం. విద్యార్థి సర్వర్ తీసుకున్నాకే ‘చేరింది’ అవుతుంది. ఆ కబురు వెబ్‌హుక్‌గా, అంటే సర్వీసే మన సైట్‌ను పిలిచి చెప్పేలా, వస్తుంది, తిప్పికొడితే ఆ కారణమూ వస్తుంది.

పాత పద్ధతిలో తిరిగొచ్చిన మెయిళ్లు ఏమయ్యాయో కూడా చూశాం. అవన్నీ నో-రిప్లై ఇన్‌బాక్సులో పేరుకుపోయి ఉన్నాయి. ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వెతకడానికే కొంత సమయం పట్టింది.

ఫ్రంట్ ఆఫీసు స్క్రీన్

ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. మెయిల్ ఫెయిలైతే డెవలపర్ చేయగలిగేది తక్కువ. విద్యార్థి ఎదురుగా ఉండేది, అతని ఫోన్ నంబరు తెలిసేది ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే మేడమ్‌కు. కాబట్టి మెయిల్ స్థితి ఆమెకు అర్థమయ్యే మాటల్లో కనిపించాలి.

సర్వర్లు ఇచ్చే వివరమైన కోడ్‌లను, అంటే ఆర్ఎఫ్‌సీ 3463లో ఉన్న మూడు ముక్కల సంఖ్యలను, తెలుగు వాక్యాలుగా మార్చాం. 5.1.1 వస్తే ‘ఈ అడ్రస్ లేదు. విద్యార్థిని అడిగి సరిచేయండి’. 4.2.2 గానీ 5.2.2 గానీ వస్తే ‘మెయిల్‌బాక్స్ నిండిపోయింది. ఖాళీ చేసుకోమనండి, లేదా వేరే అడ్రస్ అడగండి’. 5.7తో మొదలైతే ‘మనవైపు సెట్టింగ్ సమస్య కావచ్చు. మీరేమీ చేయక్కర్లేదు, డెవలపర్‌కు వెళ్లింది’. ప్రతి వాక్యం ఎవరు కదలాలో చెప్పాలన్నది నియమం. పక్కనే అడ్రస్ మార్చే గడి, ‘మళ్లీ పంపు’ బటన్.

ఆ స్క్రీన్ పెట్టాకే అసలు కారణాలు బయటపడ్డాయి. మెయిల్‌బాక్స్ నిండిపోవడం ఇంత మామూలని నేననుకోలేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కు, ఫొటోలకు, డ్రైవ్‌కు కలిపి. నాలుగేళ్ల కాలేజీ ఫొటోలు బ్యాకప్ అయిన ఫోన్‌లో మెయిల్‌కు చోటెక్కడిది? ఇంకోటి, ‘డాట్ కామ్’ బదులు ‘డాట్ కాన్’ అని కొట్టడం. ఫోన్ కీబోర్డులో ఆ రెండు అక్షరాలూ పక్కపక్కనే. అలాంటి డొమైనే ఉండదు కాబట్టి వెంటనే దొరికిపోతుంది. జీమెయిల్ స్పెల్లింగులో అక్షరాలు తారుమారైతే మాత్రం ఆ డొమైన్ నిజంగా ఎవరిదో అయి ఉండొచ్చు, రశీదు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి వెళ్లొచ్చు. ఫారంలోనే ‘జీమెయిల్ అని రాయబోయారా?’ అని అడిగే చిన్న తనిఖీ పెట్టాం.

కోడ్‌లకు దొరకని కారణం కూడా ఒకటుంది. మెయిల్ చేరింది అని చూపిస్తోంది, విద్యార్థి రాలేదంటున్నాడు. మేడమ్ ఫోన్ చేసి అడిగితే, “మా అన్న మెయిల్ ఇచ్చాను మేడమ్, వాడు హైదరాబాద్‌లో ఉంటాడు” అన్నాడు. ఇలాంటివి చూశాక ఫీజు కట్టిన పేజీలోనే రశీదు దించుకునే బటన్ పెట్టాం. ఏ అడ్రస్‌కు పంపుతున్నామో పెద్ద అక్షరాల్లో చూపించి, పక్కన ‘మార్చండి’ అని ఇచ్చాం. రశీదుకు మెయిల్ ఒక్కటే దారి కాకపోతే మెయిల్ ఆలస్యమైనా టెన్షన్ ఉండదు.

డొమైన్ వైపు

డొమైన్ వివరాలుండే డీఎన్ఎస్‌లో ఎస్పీఎఫ్ రికార్డులు, అంటే మన పేరుతో మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకు అనుమతి ఉందో చెప్పేవి, రెండున్నాయి. ఒకటి ఆఫీసు మెయిల్‌ది, ఇంకోటి ఎప్పుడో వాడిన న్యూస్‌లెటర్ సర్వీసుది. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే చూసే సర్వర్ దాన్ని శాశ్వత లోపంగా లెక్కేస్తుంది. ఒకటిగా కలిపి, వాడనిది తీసేశాం. మెయిల్ మన డొమైన్‌దేనని రుజువు చేసే డీకిమ్ సంతకం, ఈ తనిఖీల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ పెట్టాం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. ఇన్‌స్టిట్యూట్ అంత పంపదు, అయినా ప్రకటనల పాత ఎక్సెల్ షీట్‌ను మాత్రం వదలమని పట్టుబట్టాను. అందులో సగం మంది ఎప్పుడో ఉద్యోగాల్లో చేరినవాళ్లు, వాళ్లు స్పామ్ నొక్కితే ఆ మచ్చ డొమైన్‌కు అంటుతుంది. మార్కెటింగ్ అబ్బాయి మొదట ఒప్పుకోలేదు. తిరిగొచ్చిన మెయిళ్ల జాబితా స్క్రీన్ మీద చూపిస్తే తనే షీట్ శుభ్రం చేశాడు.

పరీక్ష, తర్వాతి బ్యాచ్

పరీక్షకు ఏఐఓ ఎస్ఎమ్‌టీపీడీ అనే పైథాన్ లైబ్రరీతో ఒక అబద్ధపు మెయిల్ సర్వర్ రాశాం. అడిగితే 451 అంటుంది, 550 అంటుంది, జవాబివ్వకుండా మూగగా ఉంటుంది, మెయిల్ తీసుకున్నాక 250 చెప్పకుండానే కనెక్షన్ తెంపేస్తుంది. నాలుగింట్లోనూ ఫీజు పేజీ మామూలుగా తెరుచుకోవాలి, పద్దు చెరగకూడదు. ఈ రెండూ నెగ్గకుండా కోడ్ లైవ్‌కు వెళ్లదు.

అలర్టులకు ఫెయిలైన మెయిళ్ల సంఖ్యను ఆధారం చేసుకోలేదు. అడ్మిషన్ల రోజు ఆ సంఖ్య ఎలాగూ పెరుగుతుంది, మామూలు రోజు అసలు పంపే ప్రోగ్రామే ఆగిపోతే సున్నాగా ఉంటుంది. పంపాల్సినవాటిలో అన్నిటికన్నా పాతది ఎంతసేపటి నుంచి ఆగి ఉందో చూస్తాం. రశీదు పావుగంట దాటితే, ఓటీపీ రెండు నిమిషాలు దాటితే ఫోన్ మోగుతుంది.

తర్వాతి బ్యాచ్ తెరిచిన ఉదయం కొత్త సర్వీసు కూడా ‘నెమ్మదిగా పంపండి’ అని కాసేపు 4తో మొదలయ్యే జవాబులే ఇచ్చింది. ఫోన్ మోగింది, వేగం తగ్గించాం, భోజనాల వేళకు వరుస ఖాళీ అయింది. ఈలోపు పిల్లలు పేజీలోనే రశీదు దించుకున్నారు. ఆఫీసుకు వచ్చినవాళ్లు క్లాస్ ఏ ఫ్లోర్‌లో అని అడగడానికే వచ్చారు.

మెయిల్ చేరాక ఇన్‌బాక్సులో పడిందా, స్పామ్‌లో పడిందా అన్నది ఇప్పటికీ మనకు కనపడదు. తెరిచారో లేదో తెలిపే కనపడని బొమ్మ పెడదామా అని యాజమాన్యం అడిగింది. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన మెయిల్ ప్రైవసీ సదుపాయం మనిషి తెరవకపోయినా బొమ్మలను ముందే దించేస్తుంది, ఆ లెక్క నమ్మలేమని వద్దన్నాను. మిగిలింది ఓటీపీ. పది నిమిషాల్లో చేరాల్సినదాన్ని మెయిల్ ఒక్కదాని మీద వదలడం నాకిష్టం లేదు. రెండు నిమిషాల్లో ‘చేరింది’ రాకపోతే అదే ఓటీపీ ఎస్ఎమ్ఎస్‌లో వెళ్లాలి. మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం అందుకు టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో సంస్థ పేరు, హెడర్ (మెసేజ్ మీద కనిపించే పంపేవారి పేరు), మెసేజ్ టెంప్లేట్ అన్నీ రిజిస్టర్ చేయాలి. కాగితాలు ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు సిద్ధం చేస్తున్నారు. టేబుల్‌లో ‘ఏ దారిన పంపాలి’ అనే గడి ఇప్పటికే పెట్టి ఉంచాను.